చిల్లర

సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాను.
చదవకుండా పెట్టలేదు బాలమణి.
కళ్లజోడు ముక్కు చివరికి జార్చి
నాలుగు పేజీలూ వేలుతో వెతికి
"నా కడుపుల ముక్కతోని మీకేం పని?" అంది.

రెడ్‌హిల్స్ ఆసుపత్రి, మూడో అంతస్తు,
ఫ్యాను గాలి తగలని మూల మంచం.
ఉప్పల్ - మెహిదీపట్నం రూట్లో ఇరవై ఆరేళ్లు.
పొద్దున తొమ్మిదికి తినాల్సింది మధ్యాహ్నం మూడుకి.
"గ్యాసే అనుకున్న బిడ్డా,
మా డిపోల అందరికీ గ్యాసే."

అడిగింది కాబట్టి చెప్పాలి. చెప్పాను.
కణం లోపల ఉత్తరాలు తిరుగుతుంటాయమ్మా,
ఇది తయారుచెయ్, అది తయారుచెయ్ అని.
వాటిని ఆపే పొట్టి పోగులు కొన్నుంటాయి,
మైక్రో ఆర్‌ఎన్‌ఏలు అంటాం.
మొత్తం పొడవు ఇరవై రెండక్షరాలు.
అందులో ఓ ఏడు సరిగ్గా అతుక్కుంటే చాలు,
ఇంక ఆ ఉత్తరం ఎవరూ చదవరు.

కాసేపు కిటికీవైపు చూసింది. కింద హారన్లు.
"అంటే మా విజిల్ అన్నట్టు.
ఒక్కటి కొడితే ఆగాలె, రెండు కొడితే పోవాలె.
విజిల్ గింతుంటది. బండి గంతుంటది."

ఐదేళ్ల నుంచి ఇదే చదువుతున్నాను.
నాకెవరూ ఇంత త్వరగా చెప్పలేదు.

*

ద్రవ నత్రజనిలోంచి తీసిన గొట్టం
గ్లవ్ మీంచి కూడా చుర్రుమంటుంది.
నలభై ఏడు, గడ్డ.
నలభై ఏడు, పక్కది.
ఐదు సెంటీమీటర్ల దూరంలోని మంచి పొర.
ఒకే కడుపు. ఒకే డిపో క్యాంటీన్ కారం.

రాత్రి పదకొండు. హబ్సిగూడలో మా ల్యాబు.
తెరమీద గీతలు పాకి పాకి పైకి లేస్తాయి.
ఏది ఎక్కువుంటే అది ముందు లేస్తుంది.

గడ్డలో ఇరవై ఒకటో నంబరుది ముందే లేచింది.
బ్రేకు వేసే ప్రొటీన్ల ఉత్తరాలను ఆపేది అదే.
బ్రేకును ఆపడం. అదీ ఆపడమే కదా.
పెరుగుదల నోరు నొక్కాల్సిన ఇంకొకటి
పక్క పొరలో బాగానే ఉంది,
గడ్డలో మాత్రం నేలబారుగా సాగి, సాగి
చివర్లో ఎప్పుడో తలెత్తింది.

బాలమణి పోలిక ఇక్కడికి సరిపోదు,
నోట్‌బుక్కులో రాసుకున్నాను.
బస్సుకు విజిల్ ఒక్కటే.
ఇక్కడ ఒక్కో పోగు వంద ఉత్తరాల మీద,
ఒక్కో ఉత్తరం మీద పది పోగులు.
ముందు తప్పిందెవరు?
ఎన్నేళ్లుగానో కడుపులో కాపురమున్న
ఆ మెలికల బాక్టీరియానా, ఉప్పా, వయసా,
ఏ స్టాపు దగ్గర?

నలభై ఏడు జతలు దానికి జవాబు చెప్పవు.
"సంబంధం కనిపిస్తోంది" అని రాస్తాం.
"కారణం" అని రాస్తే
వకుళ మేడమ్ ఆ మాట కింద ఎర్రగీత గీస్తారు.
గీయాలి కూడా.

*

తర్వాత ఏమైంది అనే గడి ఖాళీగా ఉంది.
నేను అడక్కూడదు. మాకు నంబరే పేరు.
కానీ ఆ గొట్టం మీద నంబరు రాసిన చెయ్యి నాదే.

స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే నన్ను పట్టి చూసింది.
"నువ్వు రామంతాపూర్ చర్చి కాడ ఎక్కుతుంటివి గదా,
నల్ల బ్యాగేసుకొని.
నీకేమన్న చిల్లర బాకీ ఉన్ననా?"
లేదమ్మా అన్నాను.

అబద్ధం.
ఎమ్మెస్సీ నాటి జెనెటిక్స్ పుస్తకంలో ఇంకా ఉంది
వెనకవైపు బాల్‌పెన్నుతో ఏడు వేసి
చుట్టూ గుండ్రంగా గీసిన టికెట్టు.
మిషను అచ్చంతా వెలిసిపోయింది,
ఎక్కడ ఎక్కానో, ఎక్కడికో తెలీదు.
పెన్నురాత మిగిలింది.

ఇప్పుడు ఆడవాళ్లకు జీరో టికెట్టు,
చిల్లర ఊసే లేదు.
పొద్దున నలభై ఎనిమిదో జత కోసం బయల్దేరితే
కొత్త కండక్టరు, మెడలో విజిల్ లేదు.
అంబర్‌పేటలో అరచేత్తో రేకుమీద
ఒక్క దెబ్బ వేసింది.

బస్సు ఆగింది.