ఓపెన్ టు స్కై

సఫిల్‌గూడ, మూడో గల్లీ, నూట నలభై గజాలు.
కింద రెండు గదులు, పైన రెండు,
ఆ పైన, మెట్లు అలసిపోయే చోట
ఇంకొకటి.

ఆ ఇంకొకటే పేచీ.

బ్యాంకు పంపిన నదీమ్ గారు
టేపు కొస నా చేతికిచ్చి
"గట్టిగా పట్టుకోండి మేడమ్" అన్నారు.
పొడవు పద్నాలుగు అడుగులు, వెడల్పు తొమ్మిదింపావు.
రాసుకున్నారు. మళ్ళీ కొట్టేశారు.
"ఇది లేదండీ."
లేని గోడకు వీపు ఆనించి నిలబడ్డాను.
చీరకు సున్నం అంటింది.

తొంభై ఒకటి నాటి ప్లాను,
మడతల దగ్గర చిరిగి
సెల్లో టేపు మీద బతుకుతున్న నీలి కాగితం.
మున్సిపాలిటీ ముద్ర సగమే పడింది.
నేను నిలబడ్డ చోట గీతల్లేవు.
ఎవరో డ్రాఫ్ట్స్‌మన్ ఓపిగ్గా దిద్దిన
మూడు ఇంగ్లీషు మాటలు:
ఓపెన్ టు స్కై.

సంపూర్ణమ్మ గారు కుర్చీ తుడిచి వేసింది.
"ఎవలడిగిండ్రమ్మా అప్పట్ల కాయితం?
చిట్టి ఎత్తిన, మేస్త్రి దొరికిండు,
శ్రావణంల మొదలువెడితె దసరాకు స్లాబు వడ్డది.
ఇరవై రెండేండ్లు ఈడనే టైపు నేర్పిన."

గచ్చు మీద ఇంకా ఉన్నాయి
బల్లల కాళ్ళు నొక్కిన గుంతలు.
లోయర్, హయ్యర్.
ఎంతమంది వేళ్ళు ఇక్కడ
చూడకుండా అక్షరాలు వెతుక్కోవడం నేర్చుకున్నాయో.
కొలువుల దరఖాస్తులు, కోర్టు అఫిడవిట్లు,
ఎవరెవరివో ఇళ్ళ అమ్మకం దస్తావేజులు,
కార్బను కింద కార్బను పెట్టి మూడేసి నకళ్ళు.
ఊరందరికీ కాగితాలు చేసిపెట్టిన గది
తనకొక్కటి కొట్టుకోలేదు.

లాయరు గారి ఫైలు బొద్దుగా ఉంది.
లింకు డాక్యుమెంట్లున్నాయి, ముప్ఫై ఏళ్ళ ఈసీ ఉంది,
మ్యుటేషన్ ఉంది, నల్లా బిల్లుంది.
క్రమబద్ధీకరణకు ఎప్పుడో పెట్టిన అర్జీ,
పదివేలు కట్టిన రసీదు ఉన్నాయి.
జవాబు మాత్రం దారిలో ఉంది, తొమ్మిదేళ్ళుగా.

"మీటరు తిరుగుతోంది కదండీ,
గది లేకపోతే ఎట్లా తిరుగుతుంది?" కృపాకర్ అడిగాడు.
"కరెంటు వాళ్ళు కరెంటు వాళ్ళే సార్."
"ఆస్తిపన్ను కూడా కడుతున్నారు!"
"పన్నుకు ఉంది సార్. పర్మిషన్‌కు లేదు."
ఆయన నవ్వలేదు.
రోజూ ఎన్ని గదులను చూస్తాడో
సగం ఉండీ సగం లేనివి.

లోను లెక్కలోకి గది రాదట.
బేరం లెక్కలోకి వచ్చింది.
చాయ్ చల్లారేదాకా మాట్లాడి
మూడు లక్షలు తగ్గించింది సంపూర్ణమ్మ గారు.
"గదిని ఊకెనే ఇచ్చిన అనుకోండ్రి" అని,
కొంచెం ఆగి,
"కూలగొడ్తరా?" అంది.
కృపాకర్ కప్పులోకి చూశాడు.
నేను కిటికీ గడియ వేసి, తీసి,
బాగానే పనిచేస్తోందన్నాను.

వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసిచ్చాను:
అదనపు నిర్మాణం ఉన్న సంగతి తెలిసే కొంటున్నాను,
రేపెవరైనా వచ్చి పడగొడితే
అమ్మినవారిని అడగను.
లేని గదికి ఉన్న ఒక్క కాగితం
అది పోతుందని రాసిన కాగితం.

మల్కాజిగిరిలో రిజిస్ట్రేషన్,
వేలిముద్రలు, ఫోటో, రెప్ప వేశానని ఇంకో ఫోటో.
ఇంటికొచ్చాక బొటనవేలు ఎంత కడిగినా
గోరు అంచున సిరా నిలిచింది.

మృగశిర కార్తె రెండో రోజు రాత్రి
వాన.
టార్చి పట్టుకుని పైకెక్కాను.
మూడు మూలలు పొడిగా ఉన్నాయి.
నాలుగో మూల, స్లాబులో సన్నని వెంట్రుకవాసి గీత.
ప్లాను గీసినాయన
అంత తప్పేం రాయలేదు.

స్టీలు బకెట్ తెచ్చి పెట్టాను.
ఒక చుక్క. ఆగి, ఇంకొకటి.
మళ్ళీ చాలాసేపు ఏమీ లేదు.
ఇవాళే చేరిన పిల్ల ఎవరో
ఒంటి వేలితో
తరువాతి అక్షరం వెతుక్కుంటున్నట్టు.