కాగితం వీపు

చిక్‌పేటలో ఆదివారం పొద్దున
తుప్పు తాళాలకీ గ్రామఫోను గొట్టానికీ మధ్య
టార్పాలిన్ మీద జపాను వాన.

"అసలుదే సార్, నూరేళ్ళది" అన్నాడు ముదస్సిర్.
నేను బొమ్మ చూడలేదు, తిరగేశాను.
కాగితం వీపున
అదిమి రుద్దిన చేతి చుట్లు.
పురుగు తొలిచిన దారొకటి
వంతెన దాకా వచ్చి మానుకుంది.

ఎండకేసి పడితే
వాన గీతల్లో ఒకటి తెగి ఉంది,
అచ్చుచెక్క బీటిచ్చిన చోట.

పెడనలో మా తాత చెక్కిన మామిడిపిందె అచ్చుకీ
తొడిమ దగ్గర ఇంతే పగులు.
ఆయన దాన్ని పూడ్చలేదు,
ఎన్ని చీరల మీదో అలాగే నడిచింది.

"పురుగు కొట్టింది కదా, తగ్గించు" అనాలి.
నోరు రాలేదు.
అడిగినంతా ఇచ్చేశాను.

మెట్రోలో ఒళ్ళో పెట్టుక్కూర్చున్నాను,
ఎదుటివాడి గొడుగు కారుతుంటే
మోకాళ్ళు పక్కకి తిప్పి.