చేదు కొలత

ఒరూరోలో మా వర్క్‌షాపు కిటికీకి
ఒక అద్దం లేదు, నాలుగేళ్ళుగా.
ఆ సందులోంచి బొలీవియా పీఠభూమి చలి
పాఠం వినడానికి రోజూ వస్తుంది.
హాజరుపట్టీలో దాని పేరొక్కటే లేదు.

ఈసారి నలుగురు నా పాలబడ్డారు.
ఎడ్సన్‌కు లెక్కలు వచ్చు, ఓపిక రాదు.
ఫ్రోయిలాన్ వెల్డింగు చేస్తే అతుకు కనబడదు,
మాట్లాడితే ఒక మాటకొకటి అతకదు.
విల్మా అందరి తగువులూ నోటుపుస్తకంలో రాస్తుంది.
నెలిదా ఏమీ అనదు. చూస్తుంది.

పని ఇది: కీన్వా గింజ మీది చేదు పొర తీసే యంత్రం.
వాడబోయేది దోన్యా ఎవుస్తాకియా,
ఉప్పుమైదానం అంచున
గింజను రాతి తొట్టిలో పోసి
యాభై ఏళ్ళుగా పాదాలతో తొక్కుతున్న మనిషి.
ఆవిడ గడువు కోత.
నా గడువు సెమిస్టరు.
రెండూ ఒకటి కావని నాకు తెలుసు, పిల్లలకి చెప్పలేదు.

నేనూ ఒకప్పుడు ఒక యంత్రం చేశాను.
కాగితం మీద అది పరుగెత్తింది.
ఇప్పుడు మూలన గుడ్డ కప్పుకుని ఉంది,
దాని మీద పిల్లలు కోట్లు తగిలిస్తారు.
ఏమిటని అడిగితే కోటు స్టాండు అంటాను.

మొదటి యంత్రం గింజను పిండి చేసింది.
రెండోది చేదును అలాగే ఉంచి
మోటారును కాల్చుకుంది.
ఎడ్సన్ షాఫ్టును తిట్టాడు.
షాఫ్టు చేసింది ఫ్రోయిలాన్ కనుక
తిట్టు చేరాల్సిన చోటికే చేరింది.
మూడు రోజులు ఇద్దరూ
రెంచి కావాలన్నా విల్మా చేత అడిగించుకున్నారు.
నేను కల్పించుకోలేదు.
ఆ విద్య నాకింకా సగమే వచ్చు.

మూడోదాన్ని లారీకెక్కించి తీసుకెళ్ళాం.
దోన్యా ఎవుస్తాకియా దాని చుట్టూ తిరిగింది,
సంతలో లామాను బేరమాడేముందు తిరిగినట్టు.
"చప్పుడు బాగుంది," అంది.
ఒక గింజ నోట్లో వేసుకుంది.
ఉమ్మేసింది.

మా గ్రాఫులూ, ఎనభై ఏడు శాతం అనే మాటా
ఆ ఉమ్ముతో పాటే ఇసుకలో ఇంకాయి.

అప్పుడు నెలిదా బూట్లు విప్పింది.
మేజోళ్ళు కూడా.
తొట్టిలో దిగి, వేయించిన గింజ మీద నిలబడి
"నేర్పండి" అంది.
మూడు నెలల్లో ఆ పిల్ల అడక్కుండా అన్న మొదటి మాట.

తొక్కడం కాదట అది.
ముసలావిడ వంగి ఆమె మడమ పట్టుకుని తిప్పింది.
ముందు నొక్కు. తర్వాత మెలి.
ఆ తర్వాత వదులు,
వదలకపోతే గింజ నలిగి చస్తుంది.
మా డ్రమ్ముకు నొక్కడం తెలుసు, తిప్పడం తెలుసు,
వదలడం తెలియదు.
నేను నేల చూశాను.

ఎడ్సన్ దిగాడు. వెనకాలే ఫ్రోయిలాన్.
తొట్టి ఇరుకు. పడకుండా ఉండాలంటే
ఒకడి భుజం ఒకడు పట్టుకోక తప్పదు.
తెల్లటి పొడి లేచి అందరికీ తుమ్ములు.
విల్మా రాయడం మానేసి నవ్వింది.

ఆవిడ చెప్పులు పాత టైరు ముక్కలు.
ఫ్రోయిలాన్ వాటికేసి చాలాసేపు చూశాడు.
నాలుగో యంత్రం తెడ్లకు
లారీ టైరు రబ్బరు తొడిగింది ఆ చూపే.
వంపు లెక్క ఎడ్సన్‌ది,
కోణం మాత్రం నెలిదా మడమది.

కోత అయిపోయింది అప్పటికి. సెమిస్టరూ.
నివేదిక బొత్తిగా బాలేదు,
పదకొండో పేజీ మొత్తం గ్రీజు మరక.
మార్కులు వేయడానికి కూర్చున్న ఆదివారం
ఎవుస్తాకియా మేనల్లుడు ఫోను చేశాడు.
నడుస్తోందట. మోత ఎక్కువట.
మీట ఊడదీసి ఇంకోవైపు బిగించుకుందట,
మమ్మల్ని అడగకుండా.

నలుగురూ ఒకేసారి మాట్లాడబోయారు.
"ఎందుకు మార్చిందో చూసొద్దాం," అంది నెలిదా,
అప్పటికే సంచి సర్దుతూ.

బల్ల మీద గిన్నెలో కొత్త గింజ ఉంది.
ఒకటి నాలుక మీద వేసుకున్నాను.
చేదే, ఇంకా కొంచెం.
ఉమ్మలేదు.