గాలిసంచీల లెక్క

ఉప్పుగుంటపాడు హెలికాప్టర్ల మైదానం చరిత్ర
ఏ ఆఫీసు బీరువాలో ఉందో నాకు తెలీదు.
మా నాయన కొలతల పుస్తకంలో మాత్రం ఉంది,
పెళ్లి జాకెట్లకీ స్కూలు నిక్కర్లకీ మధ్య,
ఆముదం మరకల కింద.

"మూతి మూడడుగులు. తోక అడుగు.
పొడుగు పన్నెండు.
కాషాయం కాదు, నారింజ."
కింద రెండు గీతలు.
ఎవరి కొలతలు నాయనా అంటే
"గాలివమ్మా" అన్నాడు
నూర్‌బాషా కాశిం, కావలి ట్రంకు రోడ్డు, సైకిలు షాపు పక్క సందు.

మైదానానికి ముందు అక్కడ సరివి తోపు.
తోపుకి ముందు వేరుశనగ, దానికి ముందు ఉప్పు,
ఉప్పుకి ముందు సముద్రమే.
మొద్దులు పెరికిన కూలీల్లో ఎంబేటి పోలమ్మ ఉంది.
వేళ్లన్నీ మోపు కట్టి తెచ్చుకుంది,
ఆ ఏడాది పొడుగునా
మిలిటరీ నేలతో సంగటి వండింది.

మొదటి సంచీ ఎక్కడి నుంచో పెట్టెలో వచ్చింది, ముద్రలతో.
మన ఉప్పుగాలికి పందొమ్మిది రోజుల్లో పీలికలైంది.
ఆ పీలికలు చేత పట్టుకుని
ఒక ఆఫీసరు జీపు దిగాడు.
నాయన వేలితో గుడ్డ నలిపి, నవ్వి,
తాత మద్రాసులో కొన్న జర్మనీ మిషను మీద
ప్రతి కుట్టూ మూడుసార్లు తిప్పాడు.
అది ఎనిమిది నెలలు నిలిచింది.

తాత దూదేకేవాడు.
మొదటి హెలికాప్టర్ మా సందు మీదుగా పోయినప్పుడు
అరుగు మీంచి లేచి
"ఎవుర్రా అంత పెద్ద విల్లు మీటేది?" అన్నాడట.
ఆకాశంలో దూది ఉంది మరి,
ఆ రోజు నిండా ఉంది.

ఎనభై నాలుగు గాలివానకి
స్తంభం వంగింది, సంచీ లేదు.
మూడో రోజు నుంచి మిషను ఆగలేదు.
గోతాలు, రెండు పొరలు, మూలకి మూడు కుట్లు,
పైనుంచి పడేసే అటుకులకి.
ఒకటి గాలిలోనే పగిలింది.
పోలమ్మ మనవరాలు బురదలోంచి
ఒక్కొక్కటే ఏరుకుంది.
నాయన ఆ కుట్టు ఎవరిదో అడగలేదు.
తనదేనేమోనని.

పోయిన సంచీ తర్వాత కనబడింది,
తుమ్మలపెంట రేవులో
పామంజి కోటయ్య భుజాన.
తోక ముడేసి రొయ్యల సంచీ చేసుకున్నాడు.
నాయన కుట్టు గుర్తుపట్టి,
రొయ్యలు బేరమాడి
ఇంటికొచ్చాడు.

తర్వాత ఒక పేజీ.
"తెల్ల పాప్లిన్, ఎనిమిది గజాలు."
కొలతలు లేవు. కూలి గడి ఖాళీ.
ఆ వారం రెండు విల్లులు పోయి
ఒకటే తిరిగొచ్చిందని
సైకిలు షాపు ఆయన చెప్పాడు, చాలా ఏళ్లకి.

మూసేసేటప్పుడు పెద్ద హడావిడేం లేదు.
మూడు లారీలు, ఒక తాళం,
ఆ తాళాన్ని కూడా ఎవరో పట్టుకుపోయారు.
ఇప్పుడు అంతా రొయ్యల గుంటలు.
రాత్రంతా ఏరేటర్లు నీళ్లు చిలుకుతుంటాయి,
ఎగరడం రాని పిల్ల హెలికాప్టర్లలాగ.
సున్నంతో గీసిన వలయంలో సగం
నాలుగో గుంట గట్టు కింద ఉంది.
వంగిన స్తంభం మీద కాకి,
అది ఎటు చూస్తే అటు గాలి అనుకోవాలి.

ఆఖరి సంచీ కత్తిరించాడు గానీ కుట్టలేదు.
పక్కన ఎర్ర ఇంకుతో "రద్దు".
ఆ నారింజ గుడ్డ మా షాపు గుమ్మానికి తెర.
నైటీలు, యూనిఫారాలు ఇప్పుడు నేనే కుడతాను,
మిషను అదే, బెల్టు మారింది.

మధ్యాహ్నం తెర ఉబ్బితే
చూపు ఆనని నాయన బల్ల మీంచి అడుగుతాడు,
"యాట్నుంచి తోలతా ఉండాది?"
సముద్రం మీంచే నాయనా, అంటాను.
ఒక్కోసారి తలెత్తకుండానే.