నీదా, నేను తెచ్చిందా

అనంతపురం పెద్దాసుపత్రి, ఫిజియోథెరపీ గది.
ఫ్యాను తిరుగుతోంది, గాలి లేదు.
వన్నూరమ్మ బల్ల ఎక్కలేక
అంచు పట్టుకొని నిలబడింది.
తాడిపత్రి బండల ఫ్యాక్టరీలో పదకొండేళ్లు.

"యాడమ్మా?" అంటే
నడుమంతా తడమలేదు.
కుడిపక్క, చీరముడికి దిగువ,
చిన్న గుంట పక్కన ఒక్క వేలు ఆనించింది.
పక్కమీద ఒత్తిగిలితే అక్కడే.
బస్సు మెట్టు మీద ఒంటికాలు మోపితే అక్కడే.

త్రికాస్థికీ తుంటికీ నడుమ
కదలీ కదలని కీలు అది.
ఎక్స్‌రేలో ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది.
అందుకని చేతులే దిక్కు.

వెల్లకిలా పడుకోబెట్టి
తుంటి ఎముకలు రెండూ విచ్చుకొనేలా నొక్కాను.
మోకాలు మడిచి
తొడ వెంబడే బల్లలోకి బరువు దింపాను.
పక్కకు తిప్పి అదిమాను.
బోర్లా తిప్పి వెన్ను చివర అరచెయ్యి మోపాను.
ఒక కాలు బల్ల కిందికి వేలాడదీసి
రెండోది గుండెకు హత్తించాను.
ప్రతిసారీ ఒకటే అడిగాను:
"ఇది నీ నొప్పేనా, నేను తెచ్చిందా?"

ఆలోచించి చెప్పింది, అన్నం మెతుకు పట్టి చూసినట్టు.
"ఇది నాదే."
"ఇది నీది మేడమ్, కొత్తది."
"నాదే. అమ్మా, నాదే."
అయిదింట్లో మూడు.
మూడు దాటితే కీలును అనుమానించొచ్చని చదువుకున్నాం.
అనుమానించొచ్చు. అంతే.

తర్వాత హుస్సేన్‌పీరా వచ్చాడు.
వాడి థీసిస్సుకు ఇద్దరు చూడాలి,
ఒకరి కాగితం ఇంకొకరు చూడకుండా.
నేను వరండాలో నిలబడ్డాను.
అవే నొక్కులు, అదే బల్ల.
వాడి కాగితంలో ఒకటి.

వాడి చేతులు మెత్తనా? నావి మొరటా?
మొదట నేను కదిలించింది
రెండోవాడు వచ్చేసరికి సర్దుకుందా?
మేం వాదించుకుంటుంటే
ఆమె జాకెట్టు సర్దుకుంటూ అంది:
"మీ ఇద్దరికీ లెక్క కుదరకపోతే
నొప్పి నాది కాకుండా పోతుందా?"

ఇద్దరం నోరు మూసుకున్నాం.

"మా కాడ బండ వస్తే
నెర్ర ఉందో లేదో కంటికి తెలీదు.
సుత్తి కొనతో తడతాం.
ఒక్క తట్టుకు నమ్మకూడదు,
మూడు చోట్ల తట్టాల.
కంగుమంటే మేలు, బొద్దుమంటే లోపల చీలిక."
కాసేపాగి:
"మూడు చోట్లా కంగుమన్న బండే
మొన్న లారీకెత్తుతుంటే రెండైంది.
దాని కిందే గదా నా నడుము పోయింది."

తుంటి చుట్టూ బెల్టు కట్టి చూపించాను,
నడుముకు కాదు, ఇంకా కిందికని.
వారం బరువులెత్తొద్దన్నాను.
నవ్వింది. ఎత్తొద్దని
మేస్త్రీకి ఎవరు చెప్పాలని అడగలేదు.

చివర్లో సమ్మతి పత్రం.
ఇంకుప్యాడు మీద బొటనవేలు నొక్కి అద్దింది.
రాతిపని వేలు, గీతలు అరిగిపోయాయి.
నల్లటి మచ్చ పడింది.
"ఇంకోసారి" అన్నాడు పీరా.
ఇంకోసారి అద్దింది.

రెండు మచ్చలూ ఒకటిగా లేవు.
పీరా నా వైపు చూశాడు.
"రెండూ ఉంచు" అన్నాను.