తొమ్మిదో నంబరు

స్టోరు రూముల డైవా అడిగింది: కాలు సైజెంత?
నలభై మూడు అన్న, మూడేండ్ల అలవాటు.
ఆమె నవ్వి, గోడకంటించిన చార్టు మీద
గ్లౌజు వేలు పెట్టింది:
ఇక్కడ తొమ్మిది.

తొమ్మిది!
మెట్‌పల్లి బస్టాండు ఎదురుంగ
చెప్పుల దుకాణంల శంషొద్దీన్ చాచా
నా మడిమను రేకు కొలత మీద ఒత్తి చెప్పిన అంకె.
"అర నంబరు పెద్దయి తీస్కో బిడ్డా,
ఆ ఎండకు పాదాలు ఉబ్బుతయి" అన్నడు.
ఆయన ఎన్నడూ దుబాయి పోలే.
పోయొచ్చినోళ్ల కాళ్లు జూసిండు.

పదకొండేండ్లు.
దుబాయిల సెంట్రింగు చెక్కలు, మస్కట్ల నీళ్ల ట్యాంకరు,
కంపెనీ మునిగినంక మాల్టాల ఓ హోటలెనుక
నూనె పట్టిన మూకుళ్లు,
పోర్చుగల్ల ప్లాస్టిక్ పందిరి కింద బెర్రీ పండ్లు,
నలిపితే జీతం కట్, తింటే పని కట్.
మధ్య మధ్యల ఇల్లు,
పాస్‌పోర్టు మీద ముద్ర పడేదాక.

ఎనుకటి దేశం అప్పు ముందటి దేశం కట్టింది.
ముందటి దేశం టికెటుకు మల్లొక అప్పు.
"ఇవన్ని మెట్లు పోశెట్టీ, ఒక్కొక్కటే ఎక్కాలె"
అనేటోడు ఏజెంటు ప్రభాకరు.
మెట్లయితే పైకి పోవాలె గదా?
ఈ హోల్బీచ్ పొలాలు సముద్రం కన్న కిందికున్నయి.
పంపులు తోడకుంటే మునుగుతయట.
గట్టు మీద నిలబడి చూస్తే
ఒక పక్క సముద్రం, ఒక పక్క గోబీ పువ్వు,
నీళ్లే ఎత్తుల ఉన్నయి.

ప్రతి దేశంల నాకు ముందుగాల వచ్చిన మాట 'రేపు'.
జీతమేదంటే బుక్రా. కార్డేదంటే అమన్యా.
ఇక్కడోళ్లు రేపనరు, మంచోళ్లు, తారీకు చెప్తరు:
అక్టోబరు ఇరవై ఆరు.
ఆ తెల్లారి నుంచి నేను ఈ నేల మీద తప్పు.

ఇంటామె ఫోన్ల ఒకప్పుడు ఎట్లున్నవ్ అనేది.
ఇప్పుడు ఏడున్నవ్ అంటది.
మొన్న ఆదివారం స్పాల్డింగ్ బస్టాపుల
కుక్కపిల్లను సంకల పెట్టుకున్న ముసలాయన
ఎక్కడ్నుంచి అని అడిగిండు.
పోర్చుగల్ అన్న.
బస్సెక్కినంక గుర్తొచ్చింది.
దిగి మల్ల చెప్పబుద్ధి కాలే.

పొద్దుగాల నాలుగున్నర. ట్రాక్టరు లైట్ల ముందట
తడిసిన తెల్లటి తలకాయలు వరుసలు వరుసలు.
వంగు, కొయ్యి, ఆకులు చెక్కు, బెల్టు మీద పెట్టు.
ట్రాక్టరు ఆగదు.

బూట్లు కొత్తయి కావు.
ఎడమదాని లోపల మార్కరుతోని రాసిన పేరు.
కారవాన్ల నా పక్క మంచం నుర్లాన్ చదివిండు: అజమత్.
వాళ్ల కిర్గిజ్ దేశపోడే, పోయినేడు ఇక్కడ్నే కోసిండు.
ఇప్పుడేడున్నడు?
నుర్లాన్ భుజాలెగరేసిండు:
కొరియా అంటరు, పోలండ్ అంటరు.
కుడి బూటు మడిమ బయటి దిక్కు అరిగింది.
మోకాలు నొచ్చేదేమో ఆయనకు.
నెల తిరిగేసరికి నా కుడికాలు సుత
అట్లనే ఒరిగి పడుడు మొదలైంది.

ప్రభాకరు మెసేజ్ పెట్టిండు:
క్రొయేషియా, హోటల్ల లాండ్రీ, గదికి నలుగురే.
ఎంత అని అడగలే.
ఎంతైనా, మల్ల నలభై మూడే.

బూట్లు అప్పజెప్పే ముందు నల్లా కింద కడిగిన.
అజమత్ కింద నా పేరు తెలుగుల రాసిన,
వచ్చేటోడెవడో చదవకపోతే మానె.
ఆరాలని లోపల పాత పేపరు కూరిన.
ఈ చలికి ఆరయి, తెలుసు.
అయినా ఇంకో ముద్ద కూరిన.