చుట్టుదారి

ముప్పై ఏడో గుడికీ ముప్పై ఎనిమిదో గుడికీ మధ్య
మూడు రోజుల నడక.
రెండో రోజు పొద్దున, కొండదారికి అడ్డంగా
పసుపు నలుపు చారల కంచె.
దాని ముందు హెల్మెట్ పెట్టుకున్న ముసలావిడ,
చేతిలో ఎర్ర లైటు కర్ర,
కోటు మీద పేరు: ఒకబయాషి.

నన్ను చూడగానే నడుం దాకా వంగింది.
"మన్నించండి, మొన్నటి వానకి దారి జారిపోయింది" అంది,
ఆ కొండచరియను రాత్రికి రాత్రి
తనే తవ్విపోసినట్టు.

చుట్టు ఎంత? అన్నాను.
"పదకొండు కిలోమీటర్లు." మళ్ళీ వంగింది.
కిలోమీటరుకొకసారి వంగుతుందేమోనని
ఫరవాలేదనేశాను.
ఫరవా ఉంది.
ఎడమకాలి బొటనవేలి గోరు అప్పటికే నల్లబడి
ఊడడానికి ముహూర్తం చూసుకుంటోంది.

ముప్పై నాలుగేళ్ళు హిమేజీలో సిటీబస్సు నడిపాను.
ఒకటే రూటు, ఇరవై ఆరు స్టాపులు.
రోడ్డు మూసిన రోజున
స్తంభానికి ఒక కాగితం కట్టేవాళ్ళం:
ఈ పూట బస్సు ఇటు రాదు, మన్నించగలరు.
ఒక పండగనాడు అలా చుట్టు తిరిగి పోతూ
సందు చివర చూశాను,
మా స్టాపులో గొడుగు కింద ఒకతను,
కాగితానికి వీపు పెట్టి
నేను రావలసిన వైపే చూస్తూ.
హారన్ కొట్టలేదు.
ఆ రోజు రిజిస్టరులో రాశాను: ఆలస్యం లేదు.

ఆవిడ ఇచ్చిన పటం బాల్‌పెన్నుతో తనే గీసింది.
అందులో కుక్క కొండంత, కొండ కుక్కంత.
కుక్క పక్కన "కరవదు" అని రాసి, కింద రెండు గీతలు.
కాగితం మీద వేలెడు దూరం
కాళ్ళ కింద గంటన్నర.
మధ్యలో ఏడు వంతెనలు.
వంతెన మీద కర్ర మోపకూడదంటారు,
కింద మహాగురువు నిద్రపోతుంటాడట.
ఏడుసార్లు కర్రను చంకలో పెట్టుకుని
దొంగలా దాటాను.
నాలుగో వంతెన కింద కాలవ కూడా లేదు,
ఎవరో పారేసిన వాషింగ్ మెషిన్ ఉంది.
అయినా కర్ర ఎత్తే ఉంచాను.

కుక్క మొరిగింది. కరవలేదు.

ఎర్ర తెల్ల నీలం గీతల స్తంభం
ఎవరికోసమో తిరుగుతూ తిరుగుతూ ఉన్న మంగలిషాపు.
లోపల్నుంచి తొకుషిగే అనే ఆయన నా కుంటినడక చూసి
కుర్చీలో కూచోబెట్టి, కాలు ఒళ్ళో పెట్టుకుని,
చిన్న కత్తెరతో గోరు తీసేశాడు.
ఎందుకు నడుస్తున్నారని అడిగాడు.
అడిగినవాళ్ళందరికీ తలా ఒక అబద్ధం చెబుతూ వస్తున్నాను,
ఆయన చేతిలో నా కాలుంది కాబట్టి
తెలీదన్నాను.
డబ్బు తీయబోతే, గోరంత పనికి డబ్బులేమిటన్నాడు.
ఈ దారి మూతపడ్డాక
షాపుకి మనుషులొస్తున్నారట, ఈ వారంలో ముగ్గురు.
ఆ మాట సిగ్గుపడుతూ చెప్పాడు.

నాలుగింటికి రోడ్డు వంపు తిరిగి
మళ్ళీ అదే పసుపు నలుపు కంచె దగ్గర తేలింది.
అవతలి కొస.
మధ్యలో ఎర్రమట్టి, వేళ్ళు పైకెత్తి పడుకున్న దేవదారులు.
అటువైపు చిన్నగా ఒక ఎర్ర లైటు.
పొద్దున్నుంచీ నడిచి నడిచి
నేను గెలుచుకున్న నేల
గట్టిగా రెండొందల మీటర్లు.

నవ్వొచ్చింది. కర్ర ఎత్తి గంట ఆడించాను.
ఆవిడ వంగింది. నాకనుకున్నాను.
కాదు, అప్పుడే అటు చేరిన ఇంకొక తెల్లబట్టల మనిషికి.
ఆయన చేతిలో పటం పెడుతోంది.
ఆయన దాన్ని తలకిందులు చేసి చూసుకుంటున్నాడు.

గొంతు చించుకుని అరిచాను:
"మంగలిషాపు దగ్గర ఆగండి! కుక్క కరవదు!"

ఆయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.
మళ్ళీ అరిచాను.